డాలస్‌లో ‘ఆర్ట్’ నాటకం తెలుగులో వేయడానికి అనుమతి తెచ్చుకోవడం: నా అనుభవం

ప్రదర్శనలు అయిపోయాయి, లెక్కలు పంపేశాం. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఇంకో నెల ఆగితే హక్కులిచ్చే ఆఫీసుల వాళ్ల మీద జాలి పుట్టినా పుట్టొచ్చు.

ముందు ఈ నాటకమే ఎందుకో చెప్పాలి. యాస్మినా రెజా ఫ్రెంచి రచయిత్రి. ఆమె రాసిన ‘ఆర్ట్’ ముగ్గురు స్నేహితుల కథ: సెర్జ్ రెండు లక్షల ఫ్రాంకులు పెట్టి ఒట్టి తెల్ల బొమ్మ కొంటాడు, మార్క్ మండిపడతాడు, మధ్యలో ఇవాన్ నలిగిపోతాడు. అది 1994లో పారిస్‌లో మొదలైంది. 1998 మార్చి 1న న్యూయార్క్ బ్రాడ్‌వేలోని రాయల్ థియేటర్‌కి వచ్చి 600 ప్రదర్శనలు ఆడింది, ఆ ఏడాది ఉత్తమ నాటకంగా టోనీ (బ్రాడ్‌వే నాటకాలకిచ్చే అవార్డు) కొట్టింది. అలన్ ఆల్డా, విక్టర్ గార్బర్, ఆల్ఫ్రెడ్ మొలీనా, అంతే నటులు. 2003లో ఆమె ‘లైఫ్ ఎక్స్ 3’ హెలెన్ హంట్ లాంటి పేరున్న నటి ఉన్నా అంత ఊపు అందుకోలేదు. 2009లో ‘గాడ్ ఆఫ్ కార్నేజ్’తో రెండో టోనీ. అది ఆడింది కూడా పాత రాయల్‌లోనే. 2005లో ఆ భవనానికి బెర్నార్డ్ బి. జేకబ్స్ అని పేరు మార్చారు. బతికున్న ఫ్రెంచి రచయితల్లో అమెరికా స్టేజీ మీద ఇంత నిలదొక్కుకున్నవాళ్లు అరుదు. 2025లో మళ్లీ ‘ఆర్ట్’నే బ్రాడ్‌వేకి తెచ్చారు.

ఈ విజయం వెనక ఒక క్రమశిక్షణ ఉంది, హక్కులు అడిగేవాళ్లకి అది ముందే తెలియాలి. ఈ మూడు నాటకాలకీ ఇంగ్లీషు చేసింది ఒక్కడే, క్రిస్టఫర్ హాంప్టన్. టోనీ వచ్చిన రెండింటికీ దర్శకుడు ఒక్కడే, మాథ్యూ వార్కస్. ‘ఆర్ట్’ న్యూయార్క్ వచ్చినా కథ పారిస్‌లోనే ఉంది, డబ్బు ఫ్రాంకుల్లోనే ఉంది. ‘గాడ్ ఆఫ్ కార్నేజ్’ని మాత్రం బ్రూక్లిన్‌కి మార్చారు, అది కూడా రచయిత్రి ఒప్పుకున్నాకే. ఇక్కడ సినిమా స్క్రిప్టు రాస్తే సాధారణంగా స్టూడియో సొత్తయిపోతుంది. నాటకం అలా కాదు. కాపీరైట్ రచయిత దగ్గరే ఉంటుంది, ఒక్క మాట మార్చాలన్నా అడగాలి. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. దీన్ని అమలు చేసే ఆఫీసుల తీరే నచ్చదు.

ఇంగ్లీషులో వేయాలనుకుంటే పని సులువు. లైసెన్సు ఇచ్చే సంస్థకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు: హాలు పేరు, సీట్లు, టికెట్ ధర, తేదీలు, ఎన్ని ప్రదర్శనలు, నటులకి డబ్బులిస్తున్నారా లేదా. ఔత్సాహిక బృందానికి ప్రదర్శనకింతని రాయల్టీ వేస్తారు, మొదటి ప్రదర్శనకి ముందే చెల్లించాలి. స్క్రిప్టులు విడిగా కొనాలి, నటుడికొకటి, దర్శకుడికి, స్టేజ్ మేనేజరుకి ఒక్కోటి. జెరాక్స్ కుదరదు. దగ్గర్లో పెద్ద ప్రొడక్షన్ ఏదైనా ఉంటే, లేదా టూర్ వస్తుంటే హక్కులు ఆపేయొచ్చు. అందుకే హాలుకి అడ్వాన్సు కట్టేముందు లైసెన్సు అడగండి, కట్టాక కాదు.

మన సంఘాల్లో ఒక మూఢనమ్మకం ఉంది: “టికెట్ పెట్టడం లేదుగా, గుడి హాల్లోనే కదా, పర్మిషన్ ఎందుకండీ?” అమెరికా కాపీరైట్ చట్టంలో 110(4) సెక్షన్ ఉచిత ప్రదర్శనలకి మినహాయింపు ఇచ్చేమాట నిజమే. కానీ అది నాటకం కాని సాహిత్యానికీ సంగీతానికీ మాత్రమే. కవిత చదవొచ్చు, పాట పాడొచ్చు. నాటకం ఉచితంగా వేసినా అనుమతి కావాల్సిందే. కమిటీ మీటింగులో ఎవరైనా “మా ఊళ్లో ఎవడడిగాడు?” అంటే ఈ సెక్షన్ నంబరు చెప్పండి, నోళ్లు మూతపడతాయి.

ఇక అసలు గొడవ తెలుగుతో.

దరఖాస్తులో “ప్రదర్శన భాష” అనే గడి ఉంది. అందులో తెలుగు లేదు, “ఇతరము” నొక్కాలి. నొక్కగానే ఇంగ్లీషు లైసెన్సు ఇచ్చే దారి మూసుకుపోయి, మనిషి చూసే వరసలోకి వెళ్తుంది. అక్కడినుంచి వచ్చిన మొదటి జవాబు: మా దగ్గర ఉన్నవి ఇంగ్లీషు అనువాదం హక్కులే, వేరే భాష సంగతి రచయిత్రి ఏజెంటుని అడగండి. ఏజెంటు ఆఫీసు: ప్రదర్శన ఉత్తర అమెరికాలో కాబట్టి అక్కడి లైసెన్సు సంస్థనే అడగండి. వీళ్లు వాళ్ల వైపు, వాళ్లు వీళ్ల వైపు. రెండు జవాబులూ మర్యాదగానే ఉన్నాయి, రెండింటి కిందా “ఇంకేదైనా సహాయం కావాలా” అని ఉంది. అసలు సహాయం చేస్తే కదా ఇంకేదైనా అడగడానికి!

తర్వాత ఒకాయన ఫోన్‌లో అడిగిన ప్రశ్న: తెలుగు అంటే హిందీలో ఒక రకమా? హిందీ హక్కులు ఎవరికైనా ఇచ్చి ఉంటే మీకు ఇవ్వడం కుదరదు, చూసి చెప్తాం. ఇది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు, ఎందుకంటే ఆ అపోహ మీదే ఫైలు ఆగిపోయింది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాసుకున్నవాళ్లు 8.11 కోట్లు. ఫ్రాన్స్ మొత్తం జనాభా దానికంటే తక్కువ. పారిస్‌లో పుట్టిన నాటకాన్ని ఫ్రాన్స్ కంటే పెద్ద ఇంట్లోకి పిలుస్తుంటే, గుమ్మం దగ్గర కులగోత్రాలు అడిగినట్టుంది. ఈ లెక్కే ఒక పేజీలో రాసి పంపాను: ద్రావిడ భాష, సొంత లిపి, హిందీకి వేరే కుటుంబం, నన్నయ కాలం నుంచి లిఖిత సాహిత్యం, పక్కన జనగణన అంకె. మీరూ మొదటి ఉత్తరానికే ఇలాంటి పేజీ జతచేయండి. అవమానంగా అనిపిస్తుంది, కానీ ఫైలు కదులుతుంది.

కదిలాక తెలిసిందేమిటంటే, కావాల్సినవి రెండు వేరువేరు అనుమతులు. ఒకటి అనువదించే హక్కు. ఇది మూల రచయిత్రి తరఫువాళ్లు ఇవ్వాలి. రెండోది ఆ అనువాదాన్ని ఫలానా చోట, ఫలానా తేదీల్లో ఆడే హక్కు. మొదటిది లేకుండా రెండోది ఇవ్వరు. మొదటిది అడిగితే రెండోదాని వివరాలన్నీ కావాలంటారు. కాబట్టి రెండూ ఒకే ఉత్తరంలో అడగాలి: అనువాదకుల అర్హత, ఏ భాష నుంచి చేస్తున్నారు, హాలు, సీట్లు, తేదీలు, టికెట్ ధర, పుస్తకంగా అచ్చు వేయం అన్న మాట. ముక్కలు ముక్కలుగా పంపితే ఒక్కో ముక్క ఒక్కో బల్ల మీద కూర్చుంటుంది.

ఏ భాష నుంచి అన్నది కీలకం. హాంప్టన్ ఇంగ్లీషు చూసి తెలుగు చేస్తే ఆయన అనువాదం మీద ఆధారపడ్డట్టు, ఆయన అనుమతీ కావాలి. ఫ్రెంచి నుంచి నేరుగా చేస్తే ఆ ముడి ఉండదు. హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఫ్రెంచి చదివినావిడ మా ఊళ్లోనే ఉండటం మా అదృష్టం. ఆవిడ నమూనాగా ఇవాన్ తన పెళ్లి శుభలేఖ గొడవ గురించి ఒక్కడే ఏకబిగిన చెప్పే మోనోలాగ్ అనువదించి, దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పి ఇచ్చారు. అక్కడ తెలుగు చదవగలిగేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఈ తిప్పిన ఇంగ్లీషే వాళ్లకి ఆధారం. తిప్పేటప్పుడు సొగసుగా రాయొద్దు, మాటకి మాట ఉండాలి. సొగసుగా ఉంటే ఎక్కడో మార్చారని అనుమానిస్తారు.

చివరికి వచ్చిన కాగితంలో షరతులు: ఈ ప్రదర్శనలకి మాత్రమే, కోతల్లేవు, చేర్పుల్లేవు, పాత్రల పేర్లు మార్చకూడదు, వీడియో తీయకూడదు, పోస్టరు మీద రచయిత్రి పేరు చెప్పిన సైజులో ఉండాలి.

దీనితో ఆఫీసుల గొడవ తీరి మనవాళ్ల గొడవ మొదలైంది. “నేటివిటీ లేదు” అని ఒక పెద్దాయన. మార్క్‌ని మాధవ్ చేద్దాం, పారిస్‌ని జూబ్లీ హిల్స్ చేద్దాం, రెండు లక్షల ఫ్రాంకుల్ని రెండు కోట్లు చేద్దాం. అయ్యా, అందులో నేటివిటీ నిండుగా ఉంది. శుభలేఖలో సవతి తల్లి పేరు వేయాలా వద్దా అని రెండు కుటుంబాలు కొట్టుకోవడం కంటే తెలుగుతనం ఏం కావాలి? ఆ సీన్‌కి హాలంతా పగలబడి నవ్వింది, ఒక్క పేరు మార్చకుండానే. రెండు లక్షల ఫ్రాంకులంటే ఇప్పటి 30,500 యూరోల దాకా. కావాలంటే పాంప్లెట్‌లో ఒక లైను వేయండి, డైలాగులో కాదు. ఇంకొకరు మధ్యలో సమోసా బ్రేక్ అడిగారు. నాటకం గంటన్నర, విరామం లేకుండా రాసినది. తిండి ముందే పెట్టేయండి.

అనుమతి తర్వాత కష్టపెట్టేది తెల్ల బొమ్మ. కథంతా దాని చుట్టూనే. సుమారు 5 అడుగులకి 4 అడుగుల తెల్ల చిత్రం, మీద తెల్లటి ఏటవాలు గీతలు. చివర్లో మార్క్ దాని మీద నీలం స్కెచ్ పెన్‌తో స్కీ చేసే మనిషిని గీస్తాడు, ఆ తర్వాత సెర్జ్, మార్క్ కలిసి కడిగేస్తారు. ప్రతి ప్రదర్శనలో గీత పూర్తిగా పోవాలి. నిజం కాన్వాస్ వాడితే నేతలోకి సిరా దిగి, రెండోసారికే నీలి మరక కనిపిస్తుంది. కాన్వాస్ వద్దు. పావు అంగుళం ప్లైవుడ్ 8×4 షీటు కొని 5×4 కోయించండి. మిగిలిన 3×4 ముక్క ప్రయోగాలకి. సన్న ఇసుక కాగితంతో నునుపు చేసి, ప్రైమర్, తెల్ల రంగు రెండు మూడు పూతలు, ఆపైన నీటితో కలిసే పారదర్శక వార్నిష్ కనీసం మూడు పూతలు. పూతకీ పూతకీ మధ్య పూర్తిగా ఆరనివ్వండి. నూనె ఆధారిత వార్నిష్ కొన్నాళ్లకి పచ్చబడుతుంది, తెల్ల బొమ్మకి అది చావుదెబ్బ.

ఏటవాలు గీతల్ని మందం రంగుతో ఉబ్బెత్తుగా వేయాలని అందరికీ అనిపిస్తుంది. వేయొద్దు, ఉబ్బు అంచుల్లో సిరా ఇరుక్కుంటుంది. టేపు అంటించి గీతల వరకు మాత్రం మెరిసే వార్నిష్, మిగతాదంతా తక్కువ మెరుపుది వేస్తే చాలు. కాంతి పక్కనుంచి, సుమారు 45 డిగ్రీల్లో పడితే గీతలు కనిపిస్తాయి. ఎదురుగా పడితే ప్రేక్షకుడి కళ్లకి ట్యూబ్‌లైట్ పెట్టినట్టే.

పెన్ను పిల్లల వాషబుల్ మార్కరే. అదే కంపెనీ, అదే రంగు ముక్క మీద గీసి, స్టేజీ లైటు కింద పది నిమిషాలు ఆరనిచ్చి తుడిచి చూడండి. తడిగా ఉన్నప్పుడు అన్ని పెన్నులూ పోతాయి, వేడికి ఆరాకే రంగు బయటపడుతుంది. బకెట్లో గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, గుడ్డ గట్టిగా పిండాలి. నీళ్లు కారితే నేల జారుతుంది, బొమ్మ కింద నీళ్లు పీల్చే గుడ్డ పరవండి. రిహార్సల్స్‌కి ఆ చిన్న ముక్కే వాడి, అసలు బొమ్మని టెక్ రిహార్సల్ (లైట్లు, సౌండుతో చేసే రిహార్సల్) రోజే బయటికి తీయండి.

నటుల ఎంపికలో ముందు ఇవాన్‌ని తేల్చుకోండి. బ్రాడ్‌వేలో ఆ పాత్రకే మొలీనాకి టోనీ నామినేషన్ వచ్చింది. ఆ మోనోలాగ్ ఆపకుండా ఊపిరి పట్టి చెప్పగలిగినవాడు దొరక్కపోతే నాటకం మొదలుపెట్టొద్దు. సంఘానికి ఎక్కువ చందా ఇచ్చాడని పాత్ర ఇచ్చే అలవాటు ఇక్కడ పనిచేయదు.

ఇంత ఓపిక లేనివాళ్లు మొలియేర్‌ని వేసుకోండి. ఆయన 1673లోనే పోయాడు, ఫ్రెంచి మూలం ఎవరి సొత్తూ కాదు, మాధవ్ అని పెట్టుకున్నా జూబ్లీ హిల్స్ అని పెట్టుకున్నా అడిగేవాడు లేడు. ఈమధ్య వచ్చిన ఇంగ్లీషు అనువాదాలకి మాత్రం కాపీరైట్ ఉంటుంది, వాటిని చూసి రాయకండి.

మా నాటకం వీడియో లింకు అడుగుతున్నవాళ్లకి: లేదు, పెట్టం. ‘గాడ్ ఆఫ్ కార్నేజ్’ చేద్దామని అడిగినవాళ్లకి: లండన్‌లో ఆడినది పారిస్ కథ, న్యూయార్క్‌లో ఆడినది బ్రూక్లిన్ కథ. తెలుగు చేసేది ఏ పాఠం నుంచో, పాత్రల పేర్లు ఏవి ఉండాలో మొదటి ఉత్తరంలోనే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో ఎవరైనా “ఫర్వాలేదు” అంటే అది అనుమతి కాదు.