మా బంటికి తగిలింది ఎండదెబ్బ కాదు

నల్గొండలో మే నెలలో ఏ జీవి డీలా పడినా ఇంట్లో మొదట వచ్చే మాట ఎండదెబ్బే. మా సిరియన్ హ్యామ్‌స్టర్ (ఎలుకలాంటి చిన్న పెంపుడు జీవి) బంటిగాడు రాత్రంతా పంజరంలో తిరిగే చక్రం జోలికి పోకపోయేసరికి అమ్మ కూడా అదే అంది. ఎండదెబ్బ తగిలిన హ్యామ్‌స్టర్ ఒళ్లంతా పరిచి పడుకుంటుంది, గబగబా రొప్పుతుంది, చొంగ కారుస్తుంది. వీడు మాత్రం వీపు గూనిలా వంచి, బొచ్చు రేపుకొని, మూలకు ముడుచుకున్నాడు. ఎంతో ఇష్టమైన పొద్దుతిరుగుడు గింజలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. చేతిలోకి తీసుకొని చూస్తే తోక కింద బొచ్చు తడిసి అట్టకట్టింది. ఒకటే కంపు.

దీన్ని వెట్ టెయిల్ అంటారు, విరేచనాల జబ్బు. లాసోనియా అనే బాక్టీరియా పేగుల్లో చేరితే వస్తుంది. పాలు మానిన కొత్తలో, షాపు నుంచి ఇంటికి మారిన టెన్షన్‌లో ఉండే హ్యామ్‌స్టర్ పిల్లలకు ఎక్కువ. రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు.

పక్కింటి అత్తమ్మ వాళ్ల మనవడు తాగగా మిగిలిన అమాక్సిసిలిన్ సిరప్ పట్టుకొచ్చింది. "రెండు చుక్కలెయ్యి బిడ్డా, చిన్నపిల్లలకే ఇస్తరు, దీనికేమైతది?" అంది. వద్దన్నాను. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు హ్యామ్‌స్టర్ పేగుల్లోని మంచి బాక్టీరియాను చంపేసి, విషం పుట్టించే రకాన్ని పెరగనిస్తాయి. జబ్బు కన్నా ముందు మందే చంపుతుంది. అత్తమ్మ కాస్త నొచ్చుకుంది, అది వేరే సంగతి.

పశువుల దవాఖానలో డాక్టర్ గారు గొర్రెల మధ్య నుంచి లేచొచ్చి బంటిని శ్రద్ధగా చూశారు. "బర్రెకైతే నిద్రల లేపినా డోసు చెప్తనమ్మా. దీనికి నా దగ్గర లెక్క లేదు. హైదరాబాద్ తీసుకపో" అన్నారు. తోచిన సూది వేసి పంపకపోవడమే ఆయన చేసిన మేలు.

ఎండ ముదరకముందే బస్సెక్కాం. గాలి రంధ్రాలున్న డబ్బా, అడుగున టిష్యూలు. దాహానికని కీర ముక్క పెట్టలేదు, విరేచనాలను అది ఇంకా పెంచుతుంది. సిరంజితో నీళ్లే చుక్కచుక్కగా పట్టించాను.

క్లినిక్‌లో మొదట అడిగింది బరువు. తమ్ముడు వారం వారం వంటింటి కాటా మీద తూచి క్యాలెండర్‌లో రాసేవాడు. ఆ ఫొటో చూపించాను. 96 గ్రాములున్నవాడు 83కు వచ్చాడు. చర్మం కింద సెలైన్ ఎక్కించి, వీడి ఒంటికి పడే యాంటీబయాటిక్ రాసిచ్చారు. ఒళ్లు చల్లబడుతోంది, కూలర్ గాలి తగలనివ్వొద్దన్నారు. బయట నిప్పులు చెరుగుతుంటే వీడికి వెచ్చదనం కావాలట! పంజరం కడిగి, అడుగున పరిచిన పాత పొట్టు అంతా పారబోసి, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కున్నాం.

టిష్యూ మీద మొదటి గట్టి పెంటిక కనపడ్డప్పుడు తమ్ముడు ఇల్లంతా వినపడేలా అరిచాడు. ఇప్పుడు వాడికి అన్నీ అనుమానాలే. మొన్న తుంటి మీద రెండు నల్లమచ్చలు చూసి గడ్డలని కంగారుపడ్డాడు. రెండువైపులా ఒకేలా ఉంటే అవి మగవాటికి బాగా కనిపించే వాసన గ్రంథులు. ఒక్కవైపే ఉబ్బినా, పుండు పడినా డాక్టర్‌కు చూపించాలి.