మ్యాపులో చిల్లు

రైలు సొరంగంలోకి దూరే ముందు వరకూ రెండు పక్కలా పచ్చటి లోయే. ఓక్ చెట్లు, గొర్రెలు, పట్టాల పక్కనే వంపులు తిరుగుతూ నది. సొరంగం పొడవు రెండు మైళ్ల పైమాటే. అందులో మొదటి రైలు నడిచింది 1879లో. చీకట్లో మాటల్లేకుండా కూర్చున్నాం. బయటపడేసరికి పచ్చదనం పోయింది. కిటికీకి రెండు వైపులా నీలం కలిసిన బూడిద రంగు రాళ్ల గుట్టలు. చిన్నవి కావు, ఇళ్ల పెరటి గోడల దాకా దిగొచ్చిన కొండలంత గుట్టలు. వానకు తడిసి చేప పొలుసుల్లా మెరుస్తున్నాయి.

ఇది బ్లైనై ఫెస్టినియోగ్. బ్రిటన్‌లో భాగమైన వేల్స్ దేశానికి వాయవ్యాన, ఎరిరి కొండల నడుమ ఉన్న ఊరు. స్నోడోనియా అంటే చాలామందికి తెలుస్తుంది, ఎరిరి అన్నది అదే కొండలకు వెల్ష్ పేరు. ఈ ఊరు నాకు మొదట తెలిసింది ఒక మ్యాపు వల్ల. 1951లో ఇక్కడ నేషనల్ పార్క్‌కు హద్దులు గీసినప్పుడు ఈ ఊరినీ, చుట్టూ ఉన్న క్వారీలనూ బయట వదిలేశారు. నాలుగు వైపులా పార్కే, మధ్యలో ఒక చిల్లు. డెబ్బై ఏళ్ల తర్వాత, 2021 జులైలో, వాయవ్య వేల్స్ స్లేటు క్వారీల ప్రాంతాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో ఈ ఊరి క్వారీలూ ఉన్నాయి. ఒకప్పుడు చూడడానికి బాగోలేదని పక్కన పెట్టిన నేలలో నడవాలని 2023 మేలో నేనూ నా స్నేహితురాలూ బయల్దేరాం.

బ్లైనై చేరేటప్పటికి మా నడక మూడో రోజు. మొదలుపెట్టింది మాత్రం లాన్‌బెరిస్‌లో, డినోర్విక్ క్వారీ దగ్గర.

స్లేటంటే మనకు పలకే. బలపం పట్టి అ ఆలు దిద్దిన నల్ల పలక. ఇక్కడ అది ఇంటి కప్పు. 19వ శతాబ్దంలో కార్ఖానాల ఊళ్లు పెరిగినకొద్దీ కప్పులకు స్లేటు కావాల్సొచ్చింది. 1842లో హాంబర్గ్ నగరం తగలబడిపోతే మళ్లీ కట్టిన ఇళ్ల మీదికి ఈ కొండల రాయి ఓడల్లో వెళ్లింది. డినోర్విక్‌లో 1787 నుంచి తవ్వారు. మంచి రోజుల్లో మూడు వేల మందికి పైగా పనిచేసేవారు. లాన్‌బెరిస్‌లో సరస్సు ఈ ఒడ్డున నిలబడి అవతలి కొండను చూస్తే, ఎవరో పెద్ద కత్తితో మెట్లు మెట్లుగా కోసినట్టుంటుంది. రాయి కూడా ఒకే రంగు కాదు. ఇక్కడిది వంకాయ రంగు, బ్లైనైది నీలి బూడిద.

కొండ కింద క్వారీ వాళ్ల పాత వర్క్‌షాపే ఇప్పటి నేషనల్ స్లేట్ మ్యూజియం. అక్కడ 1870లో పెట్టిన నీటి చక్రం ఉంది. వ్యాసం 50 అడుగుల పైనే. 1925 వరకూ ఆ వర్క్‌షాపులోని యంత్రాలన్నిటినీ అదే తిప్పింది. దాని పక్కన నిలబడితే చప్పుడు కన్నా ముందు చల్లటి తేమగాలి ముఖానికి తగులుతుంది. అయితే నేను ఎక్కువసేపు చూసింది చక్రాన్ని కాదు, రాయి చీల్చే మనిషిని. ఒక కాలు చాపి, పలకను తొడకు ఆనించి కూర్చున్నాడు. వెడల్పాటి ఉలిని అంచున పెట్టి సుత్తితో మెల్లగా తట్టాడు, చెక్కపెట్టె మూత తీస్తున్నట్టు. ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. ఆ చేతిలో బలం కనిపించలేదు, రాయి మాట వింటున్నట్టు ఉంది. కోసిన పలకలకు సైజును బట్టి పేర్లు: 24 అంగుళాలు, 12 అంగుళాలైతే డచెస్, 20, 10 అయితే కౌంటెస్, 16, 8 అయితే లేడీ. రాణివాసపు పేర్లన్నీ దుమ్ములో కూర్చున్న మనుషుల నోళ్లలో నలిగాయి.

ఆ దుమ్మే వాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. క్వారీ డాక్టర్లలో కొందరు దుమ్ము వల్ల ఏ హానీ లేదని, మరిగిన టీ పదేపదే తాగడమే జబ్బులకు కారణమని చెప్పారు. ఇది చదివినప్పుడు వచ్చిన కోపం ఆ రోజంతా నన్ను వదల్లేదు. సిలికోసిస్‌తో, అంటే రాతిదుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుతో, పోయినవాళ్ల కుటుంబాలకూ, బతికున్న రోగులకూ పరిహారం ఇవ్వడానికి చట్టం వచ్చేసరికి 1979 అయింది. క్వారీ మూతపడింది 1969లో.

మ్యూజియం వెనక నుంచి కాలిబాట ఇంక్లైన్ పక్కనే పైకి వెళ్తుంది. ఇంక్లైన్ అంటే కొండవాలున నిటారుగా వేసిన పట్టాలు. పైన ఒక పెద్ద డ్రమ్, దానికి తీగతాడు. స్లేటు నింపిన బండి తన బరువుతో కిందికి దిగుతుంటే, అదే తాడు రెండో కొసన ఖాళీ బండి పైకి వస్తుంది. ఇంజిన్ లేదు, బొగ్గు లేదు, పైన బ్రేకు పట్టుకున్న మనిషి ఒక్కడే. బొమ్మల్లో చూస్తే ఇదంతా తేలిగ్గా అర్థమవుతుంది. కానీ ఆ వాలు పక్కన మెట్లెక్కుతూ మోకాళ్లు పట్టేసి ఆగినప్పుడు, దిగే బరువు ఎంత ఊపుతో వెళ్లేదో ఒంటికి తెలుస్తుంది. ఈ చోట్లను కారు కిటికీలోంచి కాక నడిచే చూడాలని నేను పట్టుబట్టేది అందుకే.

పైన చెట్ల మధ్య ఆంగ్లేసీ బ్యారక్స్ వస్తాయి. ఒకదానికొకటి ఎదురుగా రెండు వరసలు, వరసకు 11 ఇళ్లు, మధ్యలో ఇరుకు వీధి. ఆంగ్లేసీ దీవి నుంచి వచ్చినవాళ్లు సోమవారం తెల్లవారకముందే ఇల్లు వదిలి, వారమంతా ఇక్కడే ఉండి, శనివారం తిరిగి వెళ్లేవారు. మనుషులుండడానికి పనికిరావని 1948లో వీటిని మూసేశారు. కప్పులు లేవు. ప్రపంచానికి కప్పులు పంపిన కొండ మీద ఈ గోడల మధ్య ఆకాశమే ఉంది. పొయ్యి గూళ్లు అలాగే ఉన్నాయి. వాటిలో ఫెర్న్ మొక్కలు మొలిచాయి.

అదే కొండ కడుపులో ఇప్పుడు కరెంటు తయారవుతోంది. రాత్రిపూట నీటిని పై సరస్సుకు తోడి, అవసరం పడగానే కిందికి వదిలే డినోర్విగ్ విద్యుత్ కేంద్రం 1984లో మొదలైంది. సామర్థ్యం 1,728 మెగావాట్లు. బయటికి ఏమీ కనబడదు, కొండకో పెద్ద తలుపు తప్ప. పైనుంచి బరువు దిగుతుంటే పని జరుగుతుందన్న పాత ఇంక్లైన్ సూత్రమే ఇక్కడ నీళ్లతో నడుస్తోందని నా స్నేహితురాలు అంది. నాకా మాట నచ్చింది.

రెండో రోజు సగం పూట బెథెస్డా అనే మరో క్వారీ ఊళ్లో గడిపాం. పెన్రిన్ క్వారీ అంచుకు వెళ్లాం కానీ నా మనసు ఊరి వీధుల్లోనే ఉండిపోయింది. 1900 నవంబరులో 2,800 మంది ఇక్కడ పని వదిలి బయటికి నడిచారు. అది మూడేళ్లు సాగింది. గొడవ కూలి గురించే కాదు. యూనియన్ పెట్టుకునే హక్కు, రాతిముఖం కోసం, అంటే తాము తవ్వే రాతి గోడ కోసం, నెలనెలా బేరమాడుకునే పాత పద్ధతి కూడా అందులో ఉన్నాయి. సమ్మెలో నిలబడ్డవాళ్లు కిటికీలో ఒక కాగితం పెట్టేవారు: ‘ఈ ఇంట్లో ద్రోహి లేడు’. కొందరు లొంగి పనికి వెళ్లారు, వాళ్ల కిటికీలో కాగితం ఉండేది కాదు. ఊరు తరాల పాటు రెండుగా చీలిపోయింది. ఆ క్వారీని పెద్దది చేసిన పెన్నాంట్ కుటుంబం డబ్బులో జమైకా చెరకు తోటల డబ్బు ఉంది, ఆ తోటల్లో పనిచేసింది బానిసలు. వారసత్వం అని పేరు పెట్టినప్పుడు ఇదీ కలిపే చెప్పాలి.

బ్లైనైలో దిగిన మర్నాడు పొద్దున్నే టానగ్రిష్యై నుంచి నడక మొదలుపెట్టాం. ఆ పేరుకు మెట్ల కింద అని అర్థం. వాగు పక్కన రాళ్ల బాట. ఇక్కడ స్లేటు పొర నేలలోకి ఏటవాలుగా దిగిపోతుంది కాబట్టి డినోర్విక్‌లోలా కొండను పైనుంచి కోయడం కుదరదు, లోపలికి గదులు గదులుగా తొలవాలి. అందుకే ఇక్కడ నడిచేవాళ్లకు కనిపించేది కొండ కాదు, దాని లోపలి నుంచి బయటికి తెచ్చి పోసినది. ఒక టన్ను పనికొచ్చే స్లేటుకు పది టన్నుల దాకా, చాలాసార్లు అంతకన్నా ఎక్కువ, చెత్తరాయి వచ్చేది. దారిలో అడుగు వేసినప్పుడల్లా పలక ముక్కలు కంచు గిన్నెలు తగిలినట్టు మోగాయి. ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది.

ఎక్కడం అయిపోగానే కుమోర్‌థిన్ లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. నల్లటి చిన్న సరస్సు, ఒడ్డున కప్పు లేని ఇళ్ల వరస, బాట పక్కన కంచెగా నిలువునా పాతి తీగతో కట్టిన స్లేటు పలకలు. ఒక మనిషి లేడు. ఇక్కడి గనిని అప్పటి పనివాళ్లు కసాయి కొట్టమని పిలిచేవాళ్లు. తొడకు గొలుసు చుట్టుకుని రాతిముఖానికి వేలాడుతూ, కొవ్వొత్తి వెలుగులో, చేత్తో రంధ్రం వేసి పేలుడు మందు కూరేవారు. ఆ కొవ్వొత్తీ, ఆ మందూ వాళ్లే కొనుక్కోవాలి. గని నోళ్ల దగ్గరికి మేం వెళ్లలేదు. తెలిసినవాళ్లు లేకుండా పాత గనుల్లోకి పోకూడదు. బాట మీద నిలబడితే చాలు, లోపలి నుంచి వచ్చే చల్లగాలి చీలమండలకు తగులుతుంది.

లోయ చివర మొండిగోడల చర్చి దగ్గర కుక్కతో వచ్చిన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. మేం పలకరిస్తే ముందు వెల్ష్‌లో జవాబిచ్చి, నవ్వి, ఇంగ్లీషులోకి వచ్చారు. వాళ్ల తాతగారు క్వారీలో పనిచేశారట. కబాన్ గురించి చెప్పారు. కబాన్ అంటే క్వారీలో భోజనాల పాక. మధ్యాహ్నం అన్నాల వేళ అక్కడ పాటల పోటీలు, పద్యాలు చదవడాలు, రాజకీయాల మీద, మతం మీద వాదనలు జరిగేవి. కొన్ని కబాన్లలో అధ్యక్షుణ్ని పెట్టుకుని చర్చల మినిట్స్ కూడా రాసుకునేవారు. మొత్తం వెల్ష్‌లోనే. ‘రాయి ఇంగ్లండుకు పోయింది, భాష మాత్రం మా దగ్గరే ఉండిపోయింది’ అన్నారాయన. యునెస్కో గుర్తింపు గురించి అడిగాను. సంతోషమే అన్నారు. కాసేపాగి, వాళ్ల నాన్నగారికి ఊపిరాడక రాత్రులు కూర్చునే నిద్రపోయేవారని చెప్పారు. మేమేం మాట్లాడలేదు. కుక్క లేచి ఆయన చెయ్యి నాకింది.

అక్కడి నుంచి రోసిద్ క్వారీకి దారి నిటారుగా ఉంటుంది. వాన మొదలైంది. పైకి చేరేసరికి మబ్బు మా మీదికి దిగింది. తెల్లటి పొగలోంచి ఒక్కో గోడ బయటికి వచ్చింది: మిల్లు గోడలు, బ్యారక్స్ వరసలు, ఎక్కడికీ పోని ఒక కట్ట. 1930లో ఇక్కడ పని ఆగిపోయింది. అంతకుముందు ఇంత ఎత్తున, ఏ ఊరికీ దగ్గర కాని చోట, వారాల తరబడి మనుషులు బతికారు. ఒక గదిలోకి వెళ్లి గోడ చాటున నిలబడ్డాం. అంగలతో కొలిచాను, పొడవు నాలుగు అంగలు, వెడల్పు నాలుగు. ఇందులో ఎంతమంది సర్దుకునేవారో, తడిసిన బట్టలు ఎక్కడ ఆరేసుకునేవారో. మా ఇద్దరివీ మంచి రెయిన్‌కోట్లు, మంచి బూట్లు, అయినా పావుగంటలో వణుకు పట్టుకుంది.

మబ్బు కాసేపు విడింది. పడమటి అంచున, కొండ కింద క్రోసోర్ లోయ, దాని చివర సముద్రపు గీత. 1864 నుంచి ఇక్కడి స్లేటు ఆ వాలున దిగి, పట్టాల మీద పోర్త్‌మాడోగ్ రేవుకు వెళ్లేది. బ్లైనై రాయి కూడా అదే రేవుకే, వేరే దారిలో: 1836లో మొదలైన ఫెస్టినియోగ్ రైల్వే. మొదట్లో దానికీ ఇంజిన్ లేదు. నిండిన బండ్లు వాలున వాటంతటవే జారిపోయేవి. గుర్రాలు వెనక పెట్టెలో ఎక్కి సవారీ చేసేవి, కింద దిగి ఖాళీ బండ్లను పైకి లాగేవి. పెట్టెలోంచి తల బయటికి పెట్టి సముద్రం వైపు దిగే గుర్రాన్ని ఊహించుకుంటే అంత చలిలోనూ నాకు హాయనిపించింది.

తిరిగొచ్చేటప్పుడు గది గుమ్మం దగ్గర ఒక పలక ముక్క కనిపించింది. అంచున సగమే మిగిలిన రంధ్రం. మేకు కొట్టడానికి వేస్తుండగా విరిగింది కాబోలు. తీసుకుని జేబులో పెట్టుకోవాలనిపించింది. వేలితో ఆ రంధ్రాన్ని తడిమి, ఉన్నచోటే పెట్టేశాను.

దిగడానికి రెండు గంటలు పట్టింది. చర్చి దగ్గర ఇప్పుడెవరూ లేరు. సరస్సు మీద వాన గట్టిగా పడుతోంది.

ఆ రాత్రి బ్లైనైలో పాత క్వారీ కార్మికుల ఇంట్లో అద్దెకు దిగాం. మేడ మీద గది, మంచానికి అడుగు పైన ఏటవాలు కప్పు. వాన తెల్లవార్లూ కురిసింది. ఒక్కో చినుకూ స్లేటు మీద విడివిడిగా వినిపించింది. పొద్దున లేచి గోడలూ మూలలూ తడిమి చూశాను. ఎక్కడా తడి లేదు.