జిమ్ ఆబట్‌ని ముందు పిచర్‌గా చూడండి

1992 సీజన్‌లో కాలిఫోర్నియా ఏంజెల్స్ అనే అమెరికన్ బేస్‌బాల్ టీంకి ఆడిన ఒక పిచర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు) రికార్డు ఇది: 7 గెలుపులు, 15 ఓటములు. ఇంతవరకే చదివితే ఆ ఏడాది అతను ఘోరంగా ఆడాడనుకుంటాం. కానీ అదే ఏడాది అతని ఈఆర్ఏ 2.77. అంటే ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చిన పరుగులు తీసేస్తే, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున మూడు పరుగులు కూడా ఇవ్వలేదన్నమాట. క్రికెట్ చూసేవాళ్లు బౌలర్ ఎకానమీ లాంటిదనుకోవచ్చు, ఎంత తక్కువుంటే అంత మంచిది. మరి అన్ని మ్యాచ్‌లు ఎందుకు ఓడిపోయాడు? అతను బంతి వేసిన రోజుల్లో అతని టీం బ్యాటర్లు పరుగులు తీయలేదు, అంతే. బేస్‌బాల్‌లో మ్యాచ్ గెలిచినా ఓడినా ఆ లెక్క ఒక పిచర్ ఖాతాలో రాస్తారు, ఆ పద్ధతి ఎంత అన్యాయంగా ఉండగలదో తెలియాలంటే ఆ ఒక్క సీజన్ చాలు.

ఆ పిచర్ పేరు జిమ్ ఆబట్. పుట్టుకతోనే అతనికి కుడి అరచెయ్యి లేదు.

ఈ మాట కావాలనే ఇంత ఆలస్యంగా చెప్పాను. ఆబట్ గురించి ఎవరు రాసినా చేతితోనే మొదలుపెట్టి, స్ఫూర్తి అనే మాటతో ముగిస్తారు, మధ్యలో అతను ఏం వేసేవాడు, బ్యాటర్లు ఎందుకు ఇబ్బంది పడేవాళ్లు అనేది ఎక్కడా రాదు. నాకు మాత్రం అతను ముందు ఒక మంచి ఎడమచేతి పిచర్.

1967లో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో పుట్టాడు, జనరల్ మోటర్స్ కార్ల ఫ్యాక్టరీల ఊరు అది. అతను పుట్టేనాటికి అమ్మానాన్నలిద్దరూ టీనేజర్లే. చిన్నప్పుడు డాక్టర్లు కొక్కెం ఉన్న కృత్రిమ చెయ్యి పెడితే కొన్నాళ్లు వాడి తీసి పక్కన పెట్టేశాడు. తర్వాత నాన్న సాయంతో గ్లవ్ మార్చుకునే పద్ధతి ఒకటి కనిపెట్టుకున్నాడు. బంతి వేసేటప్పుడు గ్లవ్‌ని కుడి ముంజేతి చివర ఆనించి ఉంచుతాడు. ఎడమ చేత్తో బంతి వదిలిన మరుక్షణం, ఒళ్లు ఇంకా ముందుకు వాలుతుండగానే, ఆ చేతిని గ్లవ్‌లోకి దూరుస్తాడు. బంతి తనవైపు కొడితే ఆ గ్లవ్‌తో పట్టుకుని, గ్లవ్‌ని కుడి ముంజేతికీ ఛాతీకీ మధ్య బిగించి, చెయ్యి బయటికి లాగి, అందులోంచి బంతి తీసి విసరాలి. బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి, అంటే కొట్టాక మొదట చేరాల్సిన చోటుకి, పరుగెత్తడానికి పట్టేది నాలుగు సెకన్ల చిల్లర, ఇదంతా ఆ లోపే అయిపోవాలి. గోడకి బంతి కొట్టి, రోజురోజుకీ గోడకి దగ్గరగా జరుగుతూ ఆ వేగం సంపాదించాడు. వీడియోలో ఆ మార్పిడి చూసేటప్పుడు మామూలు వేగంలో చూస్తే నాకు సగం అర్థం కాలేదు, నెమ్మదిగా నడిపించి చూస్తేనే తెలిసింది.

హైస్కూల్ అవ్వగానే డ్రాఫ్ట్‌లో, అంటే టీంలు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునే చోట, టొరంటో బ్లూ జేస్ టీం 36వ రౌండ్‌లో ఎంచుకుంది. అతను వెళ్లకుండా యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్‌లో చేరాడు, అది చాలా మంచి నిర్ణయం. 1987లో అమెరికా టీంతో హవానా వెళ్లి క్యూబాని వాళ్ల గడ్డ మీదే ఓడించాడు, అంతకుముందు పాతికేళ్లుగా ఏ అమెరికన్ పిచరూ చెయ్యలేని పని అది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో బేస్‌బాల్ ప్రదర్శన క్రీడ మాత్రమే, అయినా జపాన్‌తో ఫైనల్ మొత్తం అతనే వేసి 5-3తో గెలిపించాడు. అదే ఏడాది ఏంజెల్స్ డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్, ఎనిమిదో ఎంపిక. మామూలుగా ఎంత గొప్ప కుర్రాడైనా మైనర్ లీగ్‌లనే కింది స్థాయి పోటీల్లో కొన్నేళ్లు తిరిగి రావాల్సిందే, ఆబట్ అక్కడ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా 1989 ఏప్రిల్‌లో నేరుగా మేజర్ లీగ్‌లో దిగాడు. మొదటి ఏడాది 12 గెలుపులు, 12 ఓటములు.

అతని అసలు ఆయుధం కట్ ఫాస్ట్‌బాల్. నేరుగా వస్తున్నట్టే ఉండి చివర్లో కుడిచేతి బ్యాటర్ ఒంటివైపుకి దూసుకొస్తుంది, బ్యాట్ లావు భాగానికి కాకుండా పిడి దగ్గర సన్నటి చోట తగులుతుంది. 1991లో ఆ బంతితోనే 18 గెలుపులు, 11 ఓటములు, 2.89 ఈఆర్ఏ సాధించి ఏటా ఉత్తమ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు ఓటింగ్‌లో మూడో స్థానంలో నిలిచాడు. ఆ టీంలో మార్క్ లాంగ్‌స్టన్, చక్ ఫిన్లీ కూడా అద్భుతంగా వేశారు, అయినా ఏంజెల్స్ తమ డివిజన్‌లో ఆఖరి స్థానమే.

1992 చివర్లో అతన్ని న్యూయార్క్ యాంకీస్‌కి పంపేశారు. అందరికీ తెలిసిన రోజు అక్కడే వచ్చింది, 1993 సెప్టెంబర్ 4. క్లీవ్‌లాండ్ మీద నో-హిట్టర్, అంటే తొమ్మిది ఇన్నింగ్స్ మొత్తంలో అవతలి టీంకి ఒక్క హిట్ కూడా (బ్యాటర్ తను కొట్టిన దెబ్బతో అవుటవకుండా బేస్ చేరడం) ఇవ్వకపోవడం. ఆరు రోజుల క్రితం ఇదే క్లీవ్‌లాండ్ అతన్ని చితకబాదింది, నాలుగు ఇన్నింగ్స్ కూడా పూర్తికాక ముందే 10 హిట్లు, 7 పరుగులు. ఆల్బర్ట్ బెల్, కెన్నీ లాఫ్టన్, అప్పుడే వచ్చిన మానీ రామిరెజ్, జిమ్ టోమీ ఉన్న బ్యాటింగ్ అది. నో-హిట్టర్ రోజు ఆబట్ స్ట్రైకవుట్లు (బ్యాటర్ బంతి కొట్టలేక అవుటవడం) మూడే, వాక్‌లు (గురి తప్పిన నాలుగు బంతులకి బ్యాటర్‌కి ఊరికే ఫస్ట్ బేస్ ఇవ్వడం) మాత్రం ఐదు. అంటే బ్యాటర్లని బంతి తగలకుండా చేసి గెలవలేదు, వాళ్లు సరిగ్గా కొట్టలేని చోట వేసి, మిగతాది ఫీల్డర్లకి వదిలేశాడు. ఏడో ఇన్నింగ్స్‌లో బెల్ కొట్టిన బంతిని థర్డ్ బేస్ దగ్గర వేడ్ బాగ్స్ దూకి ఆపకపోతే ఈ కథే ఉండేది కాదు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మొదట లాఫ్టన్ వచ్చి బంట్ చెయ్యబోయాడు, బ్యాట్ అడ్డంపెట్టి బంతిని మెల్లగా కిందికి వదిలేసి పరుగెత్తడం. స్టేడియం మొత్తం కేకలేసింది. నాకైతే లాఫ్టన్ చేసింది తప్పనిపించదు. అతను ఆబట్‌ని అచ్చంగా ఏ పిచర్‌నైనా చూసినట్టే చూశాడు, ఆబట్ ఫీల్డింగ్‌ని హైస్కూల్ రోజుల నుంచీ ఇలా పరీక్షిస్తూనే ఉన్నారు, అతను అవుట్ చేస్తూనే ఉన్నాడు. బంట్ ఫౌల్ అయింది, అంటే బంతి గీత బయటికి పోయింది, తర్వాత గ్రౌండ్ బాల్ (నేల మీద దొర్లే బంతి) కొట్టి అవుటయ్యాడు. ఫెలిక్స్ ఫెర్మిన్ చాలా దూరం కొట్టాడు, బెర్నీ విలియమ్స్ వెనక్కి పరుగెత్తి పట్టుకున్నాడు. ఆఖరున కార్లోస్ బయేర్గా. రెండు వైపులా ఆడగలడు, ఎడమచేతి పిచర్ ఎదురైతే మామూలుగా కుడివైపు నిలబడాలి. ఆ కట్టర్ (కట్ ఫాస్ట్‌బాల్) లోపలికి రావడం భరించలేక ఎడమవైపే నిలబడ్డాడు! ఆబట్ మీద ఇంతకంటే పెద్ద ప్రశంస ఇంకొకటి నేను చూడలేదు. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ రాండీ వెలార్డే వైపు గ్రౌండ్ బాల్, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కి త్రో, యాంకీస్‌కి 4-0 గెలుపు.

సినిమా అయితే ఇక్కడితో అయిపోవాలి. ఆ ఏడాది మొత్తంగా అతనిది 11-14 మాత్రమే, ఫాస్ట్‌బాల్ వేగం అప్పటికే తగ్గుతోంది. వేగం తగ్గితే కట్టర్ కూడా పదును కోల్పోతుంది. 1995లో చికాగో వైట్ సాక్స్, సీజన్ మధ్యలో మళ్లీ ఏంజెల్స్. 1996 మాత్రం చదవడానికే కష్టంగా ఉంటుంది: 2 గెలుపులు, 18 ఓటములు, ఈఆర్ఏ 7.48. ఈసారి టీం మీద నెట్టడానికి లేదు, బంతులే పనిచెయ్యలేదు. మరుసటి ఏడాది సీజన్ మొదలయ్యే ముందే ఏంజెల్స్ వదిలేశారు, 1997 అంతా ఆడలేదు.

ఇన్నేళ్లూ ఇంకో పని సాగుతూనే ఉంది. చెయ్యో కాలో లేకుండా పుట్టిన పిల్లల తల్లిదండ్రులు ఉత్తరాలు రాసేవాళ్లు, ఏ ఊరు వెళ్లినా మ్యాచ్‌కి ముందు పిల్లల్ని తీసుకొచ్చి కలిసేవాళ్లు. తన బౌలింగే దెబ్బతిని టెన్షన్‌లో ఉన్న రోజుల్లో కూడా వాళ్లతో కూర్చుని షూ లేసులు ఎలా కట్టుకోవాలో, గ్లవ్ ఎలా మార్చాలో మాట్లాడేవాడు.

1998లో వైట్ సాక్స్ సంస్థలో మైనర్ లీగ్ కింది మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. కెరీర్ ఆరంభంలో తప్పించుకున్న బస్సు ప్రయాణాలన్నీ ముప్ఫై ఏళ్ల వయసులో చేశాడు. సెప్టెంబర్‌లో పైకి పిలిచారు, ఐదు మ్యాచ్‌లు మొదలుపెట్టి ఐదూ గెలిచాడు. నో-హిట్టర్ కంటే నాకు ఆ ఐదు గెలుపులే ఎక్కువిష్టం.

1999లో మిల్వాకీ బ్రూవర్స్‌కి ఆడాడు. ఆ టీం ఉన్న నేషనల్ లీగ్‌లో అప్పట్లో పిచర్ కూడా బ్యాటింగ్ చెయ్యాల్సి వచ్చేది (2022 నుంచి ఆ పద్ధతి లేదు). ఆ సీజన్‌లో అతను రెండు హిట్లు కొట్టాడు, రెండూ చికాగో కబ్స్ పిచర్ జాన్ లీబర్ బంతుల్లోనే. బౌలింగ్ మాత్రం 2-8, అదే వేసవిలో 31 ఏళ్లకి ఆట వదిలేశాడు. మొత్తం పది సీజన్లు, 87 గెలుపులు, 108 ఓటములు. బేస్‌బాల్ దిగ్గజాలకి చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌లో అతని పేరు మొదటి ఏడాదే పోయింది, ఆ అంకెలకి ఏ పిచర్ పేరైనా అలాగే పోయేది.