శ్రావణంలోనే దిగిన ఉల్లంకులు

సూళ్లూరుపేట ప్రాంతంలో పెరిగినందువల్ల వలస పక్షులంటే కార్తీక మాసపు చుట్టాలన్న భావం నాలో చిన్ననాడే పాతుకుపోయింది. ఈశాన్య రుతుపవనాలు వచ్చి నేలపట్టు చెరువు నిండిన తరువాతే గూడబాతులు నీటిలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టేవి. పులికాట్‌లో రాజహంసల బారులు కూడా ఆ రోజుల్లోనే కనిపించేవి. పక్షులకు సంబంధించినంత వరకు శ్రావణ మాసం ఖాళీ కాలం కాదని నాకు నేర్పింది చెన్నైలోని పళ్లికరణై చిత్తడి నేల.

గత ఆదివారం తెల్లవారుజామున వేళచ్చేరి నుంచి బయలుదేరి, ఆ చిత్తడి నేల గుండా తొరైపాక్కం వైపు సాగే రేడియల్ రోడ్డు అంచున నిలబడ్డాను. ఎండలకు నీరు బాగా తగ్గి, జమ్ము పొదల ముందు నల్లని బురద మేర బయటపడి ఉంది. ఆకుల తెప్పల మీద పొడవైన తోక గల జకానా ఒకటి తిరుగుతోంది. ఈ జాతిలో ఆడపక్షి గుడ్లు పెట్టి మరో మగపక్షిని వెతుక్కుంటూ వెళ్లిపోతుంది. గుడ్లను పొదగడం, పిల్లలను కాపాడడం మగపక్షి పనే. మరికొన్ని వారాలు గడిస్తే ఆ అందమైన తోక రాలిపోతుంది కనుక దానిని చూడవలసిన కాలం ఇదే.

నేను వెతుకుతున్నవి మాత్రం బురద అంచున కనిపించాయి. తోకను ఆడిస్తూ నడిచే వుడ్ శాండ్‌పైపర్లు, అంటే మన ఉల్లంకులు, తొమ్మిది లెక్కపెట్టాను. వాటికి కొంచెం దూరంలో, పట్టుమని పాతిక గ్రాములైనా తూగుతాయో లేదో అనిపించే లిటిల్ స్టింట్‌లు నాలుగు ఉన్నాయి. ఉల్లంకులు స్కాండినేవియా నుంచి సైబీరియా తూర్పు కొస వరకు పరచుకున్న ఉత్తరపు బురద నేలల్లోనూ, స్టింట్‌లు ఆర్కిటిక్ టండ్రాలోనూ గుడ్లు పెడతాయి. అక్కడి వేసవి చాలా చిన్నది. పిల్లలు ఎగరడం నేర్వకముందే తల్లి ఉల్లంకి దక్షిణానికి బయలుదేరుతుంది, తండ్రి వాటిని కనిపెట్టుకొని ఉండి ఆ తరువాత కదులుతుంది. పెద్దలు వెళ్లిపోయాక, ఏ తోడూ లేకుండా, పుట్టుకతో వచ్చిన దిశాజ్ఞానంతో పిల్లలు ఆ దారి పట్టడం నన్ను ఇప్పటికీ నిశ్చేష్టుణ్ణి చేస్తుంది. ఆ రోజు నేను చూసిన వాటి ఈకలు వెలిసి, అంచులు అరిగి ఉన్నాయి; అవి పెద్దలే అయి ఉంటాయి.

ఇవి వానలకు ముందే రావడంలో ఇబ్బందేమీ లేదు, పైగా మేలు ఉంది. స్టింట్ ముక్కు, కాళ్లు చాలా పొట్టివి కాబట్టి దానికి తడి బురద గానీ, వేళ్లు మునిగేంత పలుచని నీరు గానీ కావాలి. అక్టోబరు చివర కుంభవృష్టి కురిసి నీరు లోతెక్కితే ఆ మేత వాటికి అందదు. అప్పటికి పిన్‌టెయిల్ బాతులు, నీటి పైపొరను ముక్కుతో జల్లెడ పట్టే షోవెలర్ బాతులు చేరుకుంటాయి. ఒకే మడుగు నీటిమట్టాన్ని బట్టి వేర్వేరు అతిథులకు వంతులవారీగా విస్తరి వేస్తోందన్నమాట.

అందుకే ఈ అంచుల గురించి నాకు దిగులు. ఒకప్పుడు సుమారు 5,000 హెక్టార్లలో పరచుకున్న ఈ నేలలో 317 హెక్టార్లను 2007లో రిజర్వు అడవిగా ప్రకటించారు. 2022లో దాదాపు 1,248 హెక్టార్లకు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు నాకు ఎంతో సంతోషం కలిగించింది. కానీ మట్టి పోసి చదును చేసేవారు నడిమడుగుతో మొదలుపెట్టరు, ఎండాకాలంలో ఆరిన అంచులతోనే మొదలుపెడతారు. చూసేవారికి అది పనికిరాని బీడులా కనిపిస్తుంది. ఆగస్టు పక్షులకు మేత ఉన్నది మాత్రం అక్కడే. పెరుంగుడి చెత్త దిబ్బ కూడా ఈ చిత్తడి నేలలోనే పెరిగింది.

ఇంటికి వచ్చాక అమ్మ ఫోన్ చేసి, “నేలపట్టులో ఇంకా పక్షులు దిగలేదంట నాయనా” అన్నది. “ఇక్కడ దిగాయమ్మా, పిచ్చుకంత పిట్టలు” అని చెప్పాను. వినాయక చవితి సెలవుకు వస్తే చూపిస్తానన్నాను. అప్పటికి పిల్ల ఉల్లంకులు కూడా చేరుతాయి.