మోకాళ్ళ నొప్పికి కొండ సాంబ్రాణి బెరడు అడిగేవాళ్ళకి

కొండ సాంబ్రాణి మాను బెరడు మోకాళ్ళ నొప్పికి మందని యూట్యూబ్‌లో ఎవరో వీడియో పెట్టినట్టున్నారు, మా చుట్టాల్లో మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళందరూ వరసగా ఫోన్లు. నేను తిరుపతిలో ఉంటానంటే శేషాచలం అడవి మా పెరట్లోనే ఉందనుకుంటారు కాబోలు. "ఒక అరకేజీ బెరడు పంపించు నాయనా, మంచిది చూసి" అని మా పెద్దమ్మ. ధూపం వేసే జిగురు కూడా కాదు, బెరడే కావాలట. బెరడు ఒలిస్తే ఆ మాను బతకదు పెద్దమ్మా అంటే, "ఒక్క మాను పోతే ఏమైతుందిలే, అంత అడవుంది" అంది. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

ముందు ఇదేం మానో చెప్తాను. శాస్త్రీయ నామం బోస్వెల్లియా ఓవలిఫోలియోలేటా. 1961లో బాలకృష్ణన్, హెన్రీ అని ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని వేరే జాతిగా గుర్తించి ఆ పేరు పెట్టారు. శేషాచలంలోనూ, దాన్ని ఆనుకుని ఉన్న మన తూర్పు కనుమల కొండల్లోనూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. తిరుమల చుట్టుపక్కల, తలకోన వైపు, రాళ్ళు తేలి మట్టి సరిగా లేని వాలుల్లో కనిపిస్తుంది. ఎండలు ముదిరే ముందే ఆకులన్నీ రాల్చేసి, ఒంటి మీద ఒక్క ఆకు లేకుండా పూస్తుంది. బెరడు పాత గోడ సున్నం పెచ్చులు లేచినట్టు పలుచటి పొరలుగా ఊడుతూ ఉంటుంది, గుర్తు పట్టడానికి అదే సులువు. అరబ్బు దేశాల నుంచి చర్చిలకు వెళ్ళే ధూపం చెట్టు, మధ్య భారతంలో విరివిగా ఉండే అందుగు, ఇవన్నీ దీని దాయాదులే.

ఇక మందు సంగతి. యూట్యూబ్ వాళ్ళు కనిపెట్టిందేమీ లేదు, కొండ కింద యానాదులకీ సుగాలీలకీ ఇది ఎప్పటి నుంచో తెలిసిన మందే. బెరడు కషాయం కీళ్ళ నొప్పులకి. లేత ఆకు పసరు గొంతులో పుండ్లు పడితే. నీడన ఆరబెట్టిన జిగురు పొడి చేసి పుల్ల మజ్జిగలో కలిపి పరగడుపున తాగితే కడుపులో పుండు మానుతుందంటారు. బుడ్డ వాపుకి (వృషణాల వాపు) జిగురూ కోడిగుడ్డు తెల్లసొనా సమానంగా కలిపి పట్టు వేస్తారు. ఈ వాడకాలన్నీ ఇక్కడి పరిశోధకులు గిరిజనుల దగ్గర అడిగి రాసుకున్నవే. అయితే వాళ్ళు రాసుకున్నది "ఫలానా వాళ్ళు ఇలా వాడతారు" అని. వాడితే తగ్గిందా లేదా అని మనుషుల మీద పరీక్ష చేయడం వేరే పని, ఈ తేడా వీడియోల్లో ఎవరూ చెప్పరు.

మోకాళ్ళ మీద నిజంగా పరీక్షలు జరిగింది దీని దాయాది అందుగు జిగురు మీద. ఆయుర్వేదంలో శల్లకి అంటారు దాన్ని. అందులో ఉండే బోస్వెల్లిక్ ఆమ్లాలు ఒంట్లో వాపు పుట్టించే ఒక ఎంజైముకి అడ్డం పడతాయి, మోకీలు అరిగిన వాళ్ళకి నొప్పి కొంత తగ్గినట్టు చిన్న చిన్న ట్రయల్స్‌లో తేలింది. అవి కూడా జిగురు సారంతోనే, బెరడుతో కాదు. అదే క్యాప్సూల్ రూపంలో మందుల షాపులో దొరుకుతుంది, డాక్టర్ని ఒక మాట అడిగి వాడుకుంటే సరిపోయేదానికి శేషాచలంలో మాను ఒలిపించడం ఎందుకో నాకైతే అర్థం కాదు. పైగా ఆ అడవిలో కొంత భాగం నేషనల్ పార్కు. 1989లోనే ప్రకటించారు, అందులోంచి పుల్ల తెచ్చినా వన్యప్రాణి చట్టం కింద కేసే.

తలకోన దారిలో ఒక యానాది తాత నాకు పరిచయం. వయసులో ఉన్నప్పుడు ఎవరో వ్యాపారి కోసం జిగురు తీసేవాడట, ఇప్పుడు మోకాళ్ళు సహకరించక మానేశాడు (కషాయం తాగుతావా తాతా అంటే నవ్వి, తాగుతా, గవర్నమెంటు ఆసుపత్రి మాత్రలు కూడా వేసుకుంటా అన్నాడు). గాటు ఎలా పెట్టాలో ఒక ఎండు దుంగ మీద మచ్చుకత్తితో చేసి చూపించాడు. కత్తిని నరికినట్టు వేయడు, పక్కకి వాల్చి గీరినట్టు పైపొర తీస్తాడు, మూడు వేళ్ళ వెడల్పు, అంతే. జిగురు ఊరే కాలువలు బెరడు లోపలే ఉంటాయి, చెక్కలో ఉండవు. "బెరడు వరకే సామీ. చెక్క తగిలిందనుకో, మాను పోయినట్టే." గాటు పెట్టాక పాల లాంటి ద్రవం కారి, ఎండకి రోజులు గడిచేకొద్దీ గడ్డకడుతుంది. అప్పుడొచ్చి గోకి తీసుకోవాలి. ఒకసారి గాటు పెట్టిన పక్క మళ్ళీ వెంటనే పెట్టకూడదట. "ఈ ఏడు ఈ పక్క, వచ్చే ఏడు ఆ పక్క. దానికీ గాయం ఆరాల గదా."

ఇంట్లో ఒక పాత డబ్బాలో దాచుకున్న ముక్క తెచ్చి చేతిలో పెట్టాడు. చింతగింజంత ఉంటుంది, లేత పసుపు, పైన తెల్లటి దుమ్ము. పంటి కింద పెడితే ముందు పొడి పొడి అయి, తర్వాత మెత్తబడి పళ్ళకి అంటుకుంది, కొంచెం చేదు. నిప్పు మీద వేస్తే పొంగి, కరిగి, ఆ తర్వాతే తెల్లటి పొగ. బజార్లో "కొండ సాంబ్రాణి" అని రాసి అమ్మే పొట్లాల్లో సగంలో ఉన్నది నిప్పు మీద వేస్తే నల్లగా పొగొచ్చి గొంతు పట్టేస్తుంది. రకరకాల గుగ్గిలాలూ రంపపు పొట్టూ కలిపి ఈ పేరుతో అమ్మేస్తున్నారు, చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే. ఇంకో మాట, ఏ సాంబ్రాణైనా సరే, పొగ పొగే. బాలింతకి తల ఆరబెట్టడానికి వేస్తే వేశారు గానీ, పసిబిడ్డని ఆ పొగలో పడుకోబెట్టకండి, ఊపిరితిత్తులకి మంచిది కాదు.

తాత చెప్పిన పద్ధతిలో తీస్తే మాను ఏళ్ళ తరబడి ఇస్తుంది. కానీ దొంగచాటుగా వెళ్ళేవాడికి గాయం ఆరేదాకా ఆగే తీరికెక్కడిది? మళ్ళీ రాగలడో లేదో, ఫారెస్టోళ్ళు పట్టుకుంటారో అని, వచ్చినప్పుడే మొదలు చుట్టూ గొడ్డలితో నరికేసి దొరికినంత పట్టుకుపోతాడు. ఆ లోతు గాట్లలో పురుగు దూరుతుంది. ఎండాకాలం బోదగడ్డికి నిప్పంటుకుంటే, జిగురు కారిన గాయం ఉన్న మాను ఇంకా తొందరగా మండుతుంది. 2014 మార్చిలో శేషాచలం తగలబడినప్పుడు ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు వచ్చి నీళ్ళు చల్లాల్సి వచ్చింది, మనందరికీ గుర్తుండే ఉంటుంది. పెద్ద మాను అలాంటి మంటని తట్టుకున్నా, మోకాలెత్తు మొక్క తట్టుకోలేదు.

నాకు ఎక్కువ బెంగ ఆ మొక్కల గురించే. ఆఫ్రికాలో దీని దాయాదుల కథ చూడండి. ఇథియోపియా, ఎరిట్రియా, సూడాన్‌లలో సాంబ్రాణి చెట్ల మీద 2019లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. పరిశీలించిన చోట్లలో నాలుగింట మూడొంతులకు పైగా చిన్న చెట్లే లేవు, దశాబ్దాలుగా కొత్తవి ఎదగలేదు, ఇలాగే పోతే 20 ఏళ్ళలో దిగుబడి సగానికి పడిపోతుందని తేల్చారు. మంటలు, పశువుల మేత, అడ్డూ అదుపూ లేని గాట్లు, కారణాలన్నీ మనకి తెలిసినవే. విపరీతంగా జిగురు తీసిన చెట్టుకి విత్తనాలు తక్కువగా కాస్తాయని, కాసినవి కూడా సరిగా మొలవవని ఎరిట్రియాలో అంతకు ముందే చూశారు. బయటికి చూస్తే అడవి నిండా చెట్లున్నట్టే ఉంటుంది, అన్నీ ముసలివే.

మన దగ్గర కాపలా లేదని కాదు. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వ్ (జీవావరణ రక్షిత ప్రాంతం) చేశారు, చెక్‌పోస్టులున్నాయి, టాస్క్‌ఫోర్స్ ఉంది. కానీ ఆ కళ్ళన్నీ ఎర్రచందనం మీదే. దుంగ దొరికితే పేపర్లో ఫోటో వస్తుంది, సంచిలో జిగురు దొరికితే ఎవరికి పట్టింది? నన్నడిగితే పూర్తిగా ముయ్యడం కంటే, పార్కు బయటి అడవిలో ఆ పని తెలిసిన యానాది కుటుంబాలకే హక్కిచ్చి, గాటు పద్ధతి కట్టడి చేసి, జిగురుకి సరైన రేటు ఇవ్వడం మేలు. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద గిరిజనులకి హక్కు ఎలాగూ రాసి ఉంది. ఉత్తరాంధ్రలో తపసి చెట్టు జిగురు తీసేవాళ్ళకి జీసీసీ (ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ) ఇలాగే శుభ్రంగా, చెట్టు చావకుండా తీయడం నేర్పించి కొంటోంది. తన మానని తెలిసినవాడు దాన్ని మొదలంటా నరకడు.

మొక్కలు పెంచడం కూడా చేతకాని పనేం కాదు, టిష్యూ కల్చర్‌లో (చిన్న మొక్క ముక్క నుంచి ల్యాబులో) దీన్ని పెంచే పద్ధతి పరిశోధకులు ఎప్పుడో ప్రచురించారు. ఆ మొక్కలు మాత్రం మామూలు మనిషికి దొరకవు. మొన్న ఊరి బయట ఒక నర్సరీలో కొండ సాంబ్రాణి మొక్క ఉందా అనడిగితే, ఆ కుర్రాడు లోపలికెళ్ళి ఎర్రచందనం మొక్క తెచ్చి చేతిలో పెట్టాడు. ఇది కాదు బాబూ అంటే, "అదేం చేసుకుంటారు సార్, ఇదైతే మీ పిల్లల పెళ్ళిళ్ళకి పనికొస్తుంది" అన్నాడు.