హార్టెన్ అంటే గట్టిపరచడం కాదు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశ, అంటే టైర్ వన్‌లో ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు. ఒక్కోదానికి 2 మార్కులు, తప్పు పెడితే 0.50 కోత. మొదటిసారి రాసినప్పుడు నాకు గ్రామర్ అంటే పెద్దగా భయం లేదు. టెన్షన్ అంతా పర్యాయపదాలతోనే. ఒక మాక్ టెస్టులో 'హార్టెన్'కి వ్యతిరేక పదం అడిగారు. చూడగానే నాకు 'హార్డెన్' గుర్తొచ్చింది. గట్టిపరచడం కదా అనుకుని 'సాఫెన్' పెట్టేశాను. జవాబు 'డిస్కరేజ్'. ఆ టెస్టులో అలాంటివి ఇంకో నాలుగు పోయాయి.

ఆ శనివారం విజయనగరంలో ప్యాసింజర్ ఎక్కి చీపురుపల్లి దగ్గర మా ఊరు వెళ్లిపోయాను. నా ముఖం చూసి మా మామ్మ పక్కన కూర్చుని, "ఏటయిపోనాదిప్పుడు? గుండె దిటవు సేసుకో" అంది. రూముకి తిరిగొచ్చి డిక్షనరీ తీస్తే హార్టెన్ అర్థం అచ్చంగా అదే. వైడ్ నుంచి వైడెన్, లెంగ్త్ నుంచి లెంగ్తెన్ వచ్చినట్టే హార్ట్ నుంచి హార్టెన్. అంటే గుండెకి బలం ఇవ్వడం. ఎన్‌కరేజ్‌లో ఉన్న కరేజ్ కూడా గుండె అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిందే. ఈ రెండూ ఒకే ఇంటి పిల్లలని తెలిశాక మళ్లీ ఎప్పుడూ తడబడలేదు.

అసలు లోపం నా నోట్‌బుక్‌లో ఉంది. పది ఇంగ్లిష్ మాటలు రాసి, అన్నిటి పక్కనా 'ఉత్సాహపరచు' అని ఒకే అర్థం రాసుకున్నాను. మీలో చాలామంది నోట్సు కూడా ఇలాగే ఉంటుందని నా నమ్మకం. మనం తెలుగులో అలా మాట్లాడతామా? మనిషిని పోగొట్టుకున్నవాళ్లని ఓదారుస్తాం. ఏడ్చే పిల్లని ఊరడిస్తాం. పరీక్షకి వెళ్లేవాళ్లకి ధైర్యం చెప్తాం. కబడ్డీ ఆడేవాళ్లకి ఈలలేసి హుషారెక్కిస్తాం. మన దగ్గర ఇన్ని మాటలుండగా ఒక్కదాన్నే అన్నిటికీ అతికించడం వల్లే ఆప్షన్లలో నాలుగూ ఒకేలా కనిపిస్తాయి.

అందుకే ఆ పేజీ కొట్టేసి మళ్లీ రాశాను. కన్సోల్ అంటే ఓదార్చడం. దుఃఖం తగ్గించడమే దాని పని, హుషారు పుట్టించడం కాదు. హార్టెన్‌కి పర్యాయపదం అడిగినప్పుడు ఆప్షన్లలో ఇది కనిపిస్తే జాగ్రత్త. ఛీర్ అంటే ఈలలు, చప్పట్లు. ఛీర్ అప్ అంటే దిగులుగా ఉన్నవాళ్లని తేరుకునేలా చేయడం. ఎంబోల్డెన్ అంటే తెగింపు ఇవ్వడం. ఇది చెడ్డవాళ్లకీ వాడతారు, అడిగేవాళ్లు లేకపోతే దొంగలు ఎంబోల్డెన్డ్ అవుతారు. ఆ వాక్యంలో హార్టెన్డ్ పెడితే దొంగలకి ఎవరో ధైర్యం చెప్పినట్టు వినిపిస్తుంది.

నాకు బాగా నచ్చిన మాట ఎలేటెడ్. లాటిన్ మూలంలో పైకి ఎత్తబడిన అని అర్థం. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసినవాళ్లకి ఇది విడిగా చెప్పక్కర్లేదు. చింతమాను కొసన కూర్చున్న పూజారి జనం తలల మీదుగా అంత ఎత్తున అమ్మవారి చదురుగుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. సంతోషంతో మనసు అంత ఎత్తుకి వెళ్తే ఎలేటెడ్. దీనికి ఎదురు డిజెక్టెడ్, కిందకి విసిరేయబడిన అని మూలార్థం. ఈ రెండూ జంటగా గుర్తుపెట్టుకోండి. బాయ్ అప్ అనే మాటకి పూసపాటిరేగ తీరంలో వలని తేల్చే బెండ్లని ఊహించుకున్నాను. మనసు మునిగిపోకుండా తేల్చి ఉంచడమే దాని అర్థం.

వాడుక సంగతికొస్తే, ఎన్‌కరేజ్ తర్వాత మనిషి, ఆ తర్వాత 'టు' పెట్టి క్రియ రాయొచ్చు: షి ఎన్‌కరేజ్డ్ మి టు రైట్. హార్టెన్‌ని అలా వాడరు. అది ఎక్కువగా 'వుయ్ వర్ హార్టెన్డ్ బై ద న్యూస్' లాంటి వాక్యాల్లో కనిపిస్తుంది. వార్తేమో హార్టెనింగ్, విన్న మనిషి హార్టెన్డ్.

తప్పు పట్టమనే ప్రశ్నల్లో రెండు చోట్ల నేను పదే పదే మోసపోయాను. మనసు హుషారుగా ఉందని చెప్పాలంటే 'ఇన్ హై స్పిరిట్స్' అనాలి, ఎప్పుడూ బహువచనమే. చివర ఎస్ తీసేసి వాక్యం ఇస్తారు, మన కన్ను దాన్ని దాటేస్తుంది. రెండోది మోరేల్. అది జట్టు మనోబలం. చివర ఇ లేని మోరల్ అంటే నీతి. 'బూస్టెడ్ దెయిర్ మోరల్' అని ఉంటే తప్పు అక్కడే ఉంది.

మాటకి తెలుగు జాతీయం దొరికేదాకా పేజీ తిప్పకూడదని నియమం పెట్టుకున్నాను. రోజుకి అయిదారు మాటలకంటే ఎక్కువ అయ్యేవి కావు. పక్క రూములో వాళ్లు రోజుకి యాభై చదువుతున్నారని తెలిసినా మార్చలేదు. రెండో ప్రయత్నంలో టైర్ వన్ గట్టెక్కాను. ఇప్పుడు టైర్ టూ కోసం చదువుతున్నాను. అందులో ఇంగ్లిష్ 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పుకి 1 మార్కు పోతుంది.

నిన్న పెద్దచెరువు గట్టు మీద కూర్చుని 'డాంపెన్' రాసుకున్నాను. డాంప్ అంటే తడి. డాంపెన్ సమ్‌వన్స్ స్పిరిట్స్ అంటే ఒకరి ఉత్సాహం మీద నీళ్లు చల్లడం. దీనికి జాతీయం వెతుక్కునే పని కూడా పడలేదు.