బంతిపూల వంతెన

నిన్న పెత్రమాస. పొద్దున నాయిన తాత పేరు మీద బియ్యమిచ్చిండు, సాయంత్రం వేయిస్తంభాల గుడి కాడ ఎంగిలిపూల బతుకమ్మ ఆడినం. ఇంటికొచ్చినంక పిల్లల పోరు పడలేక 'కోకో' పెట్టిన. 2017లో పిక్సర్ వాళ్లు తీసిన బొమ్మల సినిమా. మెక్సికోల చనిపోయిన పెద్దలను తలుచుకునే పండుగ కథ, అంటే వాళ్ల పెత్రమాస అనుకోండ్రి.

గిటార్ నేర్చుకుంటున్న మా తమ్ముడు రెండుసార్లు ఆపి చూసిండు. "అక్కా, వేళ్లు సరిగ్గా తీగల మీదనే పడుతున్నయి!" నిజమే. గిటార్లకే కెమెరాలు బిగించి, వాయించేటోళ్ల వేళ్లు చూసుకుంట ఆ బొమ్మలు కదిలించిండ్రు. తప్పు వాయించినా మాలాంటోళ్లకు తెలిసేది కాదు!

నాకైతే సినిమాల ఉన్న ముసలామె కోకో ముఖమే గుర్తుండిపోయింది. మునిమనవడు పాడుతుంటే ఆ ముడతల్ల మెల్లగ పానం వస్తది. గీసిన ముడతలు కావవి, మా అవ్వ చెంపలే.

సినిమాల చనిపోయినోళ్లు దాటొచ్చే బంతిపూల రెక్కల వంతెన రాంగనే అవ్వ అద్దాలు సర్దుకున్నది. నేను కండ్లు తుడుచుకుంటున్న. ఆమె మాత్రం, "గన్ని పూలు యాడ దొరికినయే? మనకు కిలో ఎనభై చెప్పిండు గదా!"